కాగితం కడిగిన కాఫీ

ఆ శనివారం జక్రయ్య మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి స్కూలు కరస్పాండెంటు ఇమ్మానియేలు గారు ప్రత్తిపాడులోని మాస్టారింటికి వస్తారు. హెడ్మాస్టరు కుర్చీ ఖాళీగా ఉంది. ఒక్క కప్పు కాఫీతో అది తనదైపోవాలి. అదే స్కూల్లో టీచరైన భార్య ఎలీసమ్మ కాఫీని గుడ్డలో వడగడుతుంది. మాస్టారు మాత్రం, జర్మనీ వెళ్లిపోతూ ఓ డాక్టరమ్మ ఇచ్చిన పింగాణీ గరాటులో, పొట్లం ఆకారంలో ఉండే వడపోత కాగితం పెట్టి దించుతారు. ఈ సంగతి తెలియని మనిషిని ఊళ్లో ఆయన మిగలనివ్వలేదు.

తీరా చూస్తే కాగితాల డబ్బా ఖాళీ.

"నా కాగితాలేవే?"

"అవా? కొత్త కారం కొట్టించాం కదండీ, చుట్టాలకి పొట్లాలు కట్టి పంపించా. చుట్టే పని లేకుండా భలే కుదిరాయి. ఒకటుంది చూడండి, మన కారం అందులోనే పోశా."

మాస్టారికి ఒళ్లు మండింది. అయినా తిట్టడానికి టైము లేదు. ఆ ఒక్కటీ దులిపి, అంచు మడిచి, గరాటులో అమర్చారు. కాగితం వాసన పోవాలంటే ముందు వేడినీళ్లతో తడపాలని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. తడిపారు. నీళ్లు ఎర్రగా దిగాయి. పారబోసి మళ్లీ పోశారు. మళ్లీ ఎరుపే. ఘాటు నషాళానికంటి తుమ్ములు మొదలయ్యాయి.

ఈలోగా ఇమ్మానియేలు గారు వచ్చి వరండాలో కూర్చున్నారు.

"మాస్టారేరమ్మా?"

"కాగితం కడుగుతున్నారండి."

"కడగడమేమిటి?"

"మీ కాఫీకండి. ఆలస్యమవుతుంది గానీ, ముందు ఈ గుడ్డ కాఫీ తాగండి."

తొమ్మిదోసారికి నీళ్లు తేటపడ్డాయి. మడతలో నక్కిన కారం సంగతి మాస్టారికి తట్టలేదు. ఇమ్మానియేలు గారు వచ్చిన గంటకి, ఎర్రబడ్డ కళ్లతో, కారే ముక్కుతో కప్పు తెచ్చి గర్వంగా అందించారు. ఇమ్మానియేలు గారు ఒక్క గుక్క తాగి, దగ్గి, కళ్లు తుడుచుకున్నారు.

"మీ శ్రద్ధ గొప్పది మాస్టారూ. కాకపోతే బడి గంట వేళకి కొట్టాలి కదా. ఈ గంటలో టీచరమ్మ గారూ నేనూ టైంటేబులు కూడా వేసేశాం. హెడ్మిస్ట్రెస్‌గా ఆమె పేరే రాస్తున్నా."

మాస్టారికి నిజంగానే ఏడుపొచ్చింది. చూసినవాళ్లు కారం వల్ల అనుకున్నారు.

సోమవారం ప్రేయర్లో పిల్లలతోపాటు ఆయన కూడా "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు, ఎందుకైనా మంచిదని కాస్త గట్టిగానే.