పంట లేకపోతేనేం, సంఘం ఉందిగా

మొక్క బతకాలంటే ఎండ, నీళ్లు, ఎరువు ఉండాలని ఇన్నాళ్లూ మనల్ని మభ్యపెట్టారు. అన్నిటికంటే ముందు ఉండాల్సింది సంఘం. అధ్యక్షుడూ మైకూ లేకుండా మొలకెత్తిన విత్తనానికి క్రమశిక్షణ ఎలా వస్తుంది చెప్పండి!

మా అపార్ట్‌మెంట్ మేడ మీద మా అత్తగారు ఒక్కరే పాత బకెట్లలో వంగ, పగిలిన తొట్టెలో చిక్కుడు పెంచుతూ అరాచకం నడిపేవారు. ఎవరినీ అడక్కుండా నీళ్లు పోసేవారు. కాసిన కాయలు అడిగినవాళ్లకల్లా పంచేసేవారు. ఇలాగైతే నగర వ్యవసాయం ఏం బాగుపడుతుంది?

అందుకే ‘మేడ రైతుల సంఘం’ పుట్టింది. అధ్యక్షులు రిటైరైన బ్యాంకు మేనేజరు, కార్యదర్శి మా వారు. ఫ్లాటు ఎవరి పేరున ఉంటే వాళ్లే రైతులు. ఆ లెక్కన వంగమొక్కకూ మిరపమొక్కకూ తేడా తెలియని మా వారు రైతయ్యారు. అత్తగారు రైతుగారి తల్లి అయ్యారు.

ఎంత అభివృద్ధి అనుకున్నారు! నీళ్లు పొయ్యాలంటే నీటి ఉపసంఘం ఒప్పుకోవాలి. అది ఆదివారమే కూర్చుంటుంది. ఈలోగా వంగమొక్కలు తలలు వాల్చేశాయి. వినయం అంటే అదీ. ఆకు మీద పురుగు కనిపిస్తే ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. అందరూ చప్పట్ల బొమ్మలు పెడతారు. ఆ ఉత్సాహంలో పురుగు పక్క మొక్కకు కూడా వెళ్లింది.

ఇంతలో సంఘం ప్రారంభోత్సవం వచ్చింది. పెద్ద అధికారి వస్తున్నారు, వేదికకు చోటు కావాలి. అంత చోటున్నది అత్తగారు చిక్కుడుకు పందిరి వేసిన దగ్గరే.

“అమ్మా, ఒక్కపూట తీసేద్దాం. మళ్లీ కట్టుకుందువుగాని,” అన్నారు మా వారు.

“పూత మీదున్న పాదురా. తీసి కట్టడానికి అదేమన్నా బట్టలారేసే తాడా?”

“ఏకగ్రీవంగా తీర్మానించాం.”

“నేను ఒప్పుకోలేదే.”

“నీకు ఓటు లేదు కదమ్మా.”

పాదు పీకేశారు. వేదిక వేశారు. తీరా చూస్తే, అధికారి ఫొటో కోసం కొయ్యాల్సిన కాయలేవీ? మా వారు బజారుకు పరిగెత్తి చిక్కుడుకాయలు కొనుక్కొచ్చారు. పీకిపడేసిన తీగను వేదిక పక్కన వేలాడదీసి, అధ్యక్షులవారి భార్య దానికి ఆ కాయల్ని దారంతో కట్టారు. అధికారి కత్తెరతో దారాలు కోసి, ఇంటి పంట రుచే వేరన్నారు. మా వారికి ‘ఉత్తమ రైతు’ షీల్డు ఇచ్చారు.

ఆ తర్వాతి సమావేశంలో, అన్నీ ఉన్నా పంటే లేదని ఎవరో గమనించారు. అధ్యక్షులవారు నన్ను పిలిచి, “మీ అత్తగారు ఖాళీయే కదమ్మా, కాస్త ఆ మొక్కల పని చూడమనకూడదూ?” అన్నారు.

చెప్పాను. అత్తగారు విన్నారు, పైకి మాత్రం వెళ్లలేదు.

నీళ్ల కోసం, ఎండ పడే జానెడు చోటు కోసం గట్టిగా అడగడానికి మట్టిలో చెయ్యి పెట్టేవాళ్లకు సంఘం కావాలి. కాదనను. ఆ చెయ్యి లేని సంఘమే మాకు దొరికింది.

ప్రస్తుతం మా వంటింటి కిటికీలో, పాత నూనెడబ్బాలో, రెండు చిక్కుడు మొలకలున్నాయి. ఎవరికీ చెప్పకండి. తెలిస్తే అభివృద్ధి చేస్తారు.