షామియానా కింద జనరేటర్

ఆ ఉదయం ఓబులమ్మ అనుకున్నది ఒక్కటే: జనరేటర్ సంగతి తేల్చేయాలి. బుక్కరాయసముద్రంలో ఆమెది దోసెపిండి అంగడి. ఎండాకాలం కరెంటు పోయి ఫ్రిజ్‌లు ఆగితే పిండి పులిసిపోతుంది. అసలు బెంగ మాత్రం వేరే. తనతో కలిసి అంగడి పెట్టిన దాదాబీ, ఈ జనరేటర్ గురించే పోట్లాడి శింగనమలలో తమ్ముడింటికి వెళ్లిపోయింది. గ్రైండర్లు కూడా తిరిగే పెద్దది కావాలని దాదాబీ, ఫ్రిజ్‌లకు సరిపడే చిన్నది చాలని ఓబులమ్మ. ఇప్పుడు పెద్దదే కొంటే దాదాబీ తిరిగొస్తుందని ఆశ. రాకపోతే ఏం చేయాలో ఓబులమ్మకు తెలియదు.

సప్లయర్స్ రామాంజులు పాత జనరేటర్ ఒకటి ట్రయల్‌కు తెచ్చాడు. అతనికున్నది ఒకే ఆటో. ఎవరింట్లోనైనా చావు జరిగితే శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె, దానికి జనరేటర్, వచ్చినవాళ్లకు షామియానా అందులోనే వెళ్తాయి. ఆ ఆటో గుమ్మం ముందు ఆగిందంటే ఊరికి వేరే కబురు అక్కర్లేదు.

"ఎండకు మిషన్ కాగుతాది పెద్దమ్మా. పైన షామియానా కడతా."

"కట్టప్పా. నాలుగు కుర్చీలు కూడా ఎయ్యి. చూసేకి ఎవురన్నా వస్తారు."

అంతలో కరెంటు పోయింది. జనరేటర్ గర్జించింది. డీజిల్ తక్కువుందని రామాంజులు ఆటో అక్కడే వదిలి, డబ్బా పట్టుకొని బంకుకు నడిచాడు. ఓబులమ్మ ఎండ పడకుండా షట్టర్ సగం దించి, లోపల ఫ్రిజ్‌ల దగ్గర నిలబడింది.

పాలు పోసే నారాయణ అటుగా వచ్చి ఆటోను, షామియానాను, సగం దిగిన షట్టర్‌ను చూశాడు. చెప్పులు విడిచి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకొని కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి కుర్చీలన్నీ నిండాయి. ఎవరో పూలదండ తెచ్చారు. ఎవరో శింగనమలకు ఫోన్ చేశారు.

ఓబులమ్మ బయటికొచ్చేసరికి సగం వీధి ఏడుస్తోంది. ఆమె గబగబా కుర్చీల దగ్గరికి నడిచింది. నారాయణ వెనక నిలబడి, మోతలో వినబడేలా అరిచింది.

"ఎవురప్పా పోయింది?"

"మన ఓబులమ్మక్క!" అన్నాడతను తిరక్కుండానే. "నిన్న కూడా పాలల్లో నీళ్లు కలిపినావని తిట్టె. అట్లా మనిషి మళ్ల యాడ దొరుకుతాది?"

"కలిపినావా, లేదా?"

"కొంచెమే అక్కా..." అంటూ తిరిగి చూసి, కుర్చీతో సహా పడ్డాడు.

అందరూ లేచి ఆమెను తాకి చూస్తుండగానే, తమ్ముడి బండి వెనక నుంచి దాదాబీ దిగింది. ఆమెకు ఎవరూ కనబడలేదు. నేరుగా పోయి షట్టర్‌ను బాదుతూ ఏడ్చింది.

"చిన్నదే కొనుక్కో అక్కా! నీ మాటే కానీ! లెయ్యక్కా!"

ఓబులమ్మ వెనక నుంచి భుజం పట్టుకుంది. "లేసే ఉండా. పెద్దదే తెప్పించినా, చూడు."

దాదాబీ ఆమెను గట్టిగా వాటేసుకుంది. తర్వాత వీపు మీద రెండు దెబ్బలు వేసింది. ఆ తర్వాతే జనరేటర్ వైపు చూసి ముఖం చిట్లించింది.

"ఏం మోతక్కా ఇది! దీని పక్కన మాట్లాడుకునేదెట్లా?"

"నువ్వు పోయినాక మాట్లాడేకి నాకు ఎవురుండారని?"

దాదాబీ చాలాసేపు కొంగుతో ముఖం తుడుచుకుంది. డీజిల్ డబ్బాతో తిరిగొచ్చి నోరు తెరుచుకొని నిలబడిన రామాంజులుతో అంది: "దీన్ని ఎత్తుకపోప్పా. చిన్నది తీసుకురా. గ్రైండర్లు ఆగితే ఆగనీ. ఆసేపు ఇద్దరం కూచ్చుంటాం."

మరునాడు కరెంటు పోయినప్పుడు, చిన్న జనరేటర్ మెల్లగా గురకపెడుతుంటే, పిండిలో ఉప్పు గురించి ఇద్దరూ ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినబడేలా పోట్లాడుకున్నారు.