పాప ఫొటోకు జాగా లేదు

మా రాయచోటిలో ఒక ఆడపిల్ల ఎదిగిందన్న సంగతి అధికారికంగా ఖాయం కావాలంటే నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ కట్టాలి. అంతకుముందు ఆమె ఎంత పొడుగైనా, ఎన్ని తరగతులు గట్టెక్కినా అది లెక్కలోకి రాదు.

ఈ పద్ధతి ప్రకారమే మా వీధిలో బోరుబండ్ల ఓబుళేశు తన కూతురు సాహితికి ఓణీల పండుగ నిశ్చయించాడు. ఓబుళేశు మంచి మనిషి. వీరభద్రస్వామి ఉత్సవాలకు ఏటా టెంకాయలు ఇస్తాడు. మైకులో తన పేరు చదివినంతసేపూ చేతులు జోడించే ఉంటాడు. రాబోయే ఎన్నికల్లో వార్డుకు నిలబడాలని ఆయనకు ఏ కోశానా లేదు. ప్రజలే బలవంతం చేస్తున్నారని ఆయనే ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాడు.

తొమ్మిదో తరగతి చదివే సాహితిలో మాత్రం ఒక లోపం ఉంది. ఖోఖో చాలా బాగా ఆడుతుంది. పైగా జిల్లా జట్టు ఎంపికలు మా ఊరి కాలేజీ మైదానంలో సరిగ్గా పండుగనాడే పెట్టారు.

"నాయనా, పండగ పై వారానికి మార్చుకోగూడదా?" అని ఆ పిల్ల అడిగింది.

"పండగకు పిలిచిన నాయకునికి తీరిక ఆ పొద్దే ఉండాది మ్మే. అయినా ఓణీ ఏసినాక ఇంగ ఈ పరుగులేంది? పెద్దదానివైతాండావు. కుదురుగా కూచునేది నేర్చుకో."

ఎదగడమంటే కదలకుండా కూర్చోవడమని పాపం ఆ పిల్లకు అప్పటిదాకా ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ ఒక్క పూట మైదానానికి పంపమని ఏడ్చింది. ఆనందబాష్పాలని బంధువులు నిర్ధారించారు.

ఫ్లెక్సీ పని బస్టాండు దగ్గర రెహమాన్ దుకాణంలో జరిగింది. మా భజన మండలి బ్యానరు కోసం వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. పైవరుసలో రాష్ట్ర నాయకులు, వారి కింద జిల్లా నాయకులు, వారి కింద మండల నాయకులు, అడ్డంగా యువసేన, అన్నిటికీ పక్కన నిలువెత్తున నమస్కారం పెడుతూ ఓబుళేశు. రెహమాన్ తల గోక్కున్నాడు.

"అన్నా, పాప ఫొటోకు జాగా ల్యాదు."

"బాగా చూడప్పా."

"ఎవురినన్నా తీసేయల్ల. ఈ మూలనుండే ఆయప్ప పోయినేడే పార్టీ మారినాడు గదన్నా?"

"ఇంగోసారి మారొచ్చు. ఉండనీ."

"పోనీ, నీ ఫొటోనే రవ్వంత తగ్గిస్తే..."

ఓబుళేశు చూసిన చూపుకు రెహమాన్ గభాలున కంప్యూటరు వైపు తిరిగాడు.

"పాప పేరుండాది గదప్పా, చాల్లే. అందరికీ తెలిసిన పిల్లే."

దేవుడి ఉత్సవ పత్రికలో దేవుడి బొమ్మే లేకపోతే ఎలా ఉంటుందని నేను అడగబోయాను. కిందటేడు మేము వేయించిన పత్రికలో కమిటీ సభ్యుల నడుమ స్వామివారు తపాలా బిళ్లంత ఉన్న సంగతి గుర్తొచ్చి, నోరు మూసుకున్నాను.

పండుగ రోజు వచ్చింది. కల్యాణ మండపం కిటకిటలాడింది. పురోహితుడు ఉదయం పది గంటలకు దివ్యమైన ముహూర్తం పెట్టాడు. పదకొండుకు నాయకుడు "బయలుదేరారు" అని కబురు వచ్చింది. ఆయన స్నానానికి లేచారని దాని భావం. పంచాంగం ఎరిగినవాడు గనుక పురోహితుడు తొణకలేదు. నాయకుడి బండి గువ్వలచెరువు కనుమ దాటడమే అసలైన శుభలగ్నమని మైకులో సవరించాడు. మధ్యాహ్నం భోజనాలైనా బండి కనుమ దాటలేదు. అక్కడి పేరుమోసిన పాలకోవా కోసం ఆగారట. శాస్త్రం దానికీ ఒప్పుకుంది.

అంతసేపూ సాహితి పూలు చుట్టిన కుర్చీలో కుదురుగా కూర్చునే ఉంది. మండపం వెనకే కాలేజీ మైదానం. అక్కడ ఈల మోగినప్పుడల్లా పట్టుపావడా కింద ఆమె మడమలు కదిలాయి.

ఆమె నాయనమ్మ నాగలక్ష్మమ్మ ఆ కాళ్లనే చూస్తూ కూర్చుంది. చివరికి లేచి బయటకు వచ్చి, గేటు మీది ఫ్లెక్సీ వైపు ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఏమప్పా, నాకు కండ్లు సరిగా ఆనవు. దీంట్లో మా పాప యాడుండాది?" అని నన్ను అడిగింది.

నేను పేరు చూపించాను.

"పేరు కాదప్పా, మొగం."

"మొహం లేదమ్మా."

ఆమె లోపలికి పోయి మనవరాలి మెడలో దండ తీసింది. "పోయి ఆడుకోని రాపో. నువ్వు ల్యాకున్నా పండగ జరుగుతాదని మీ నాయనే అచ్చేసి కట్టినాడు."

"నాయన తిడతాడు జేజీ."

"తిట్టేకి ముందు నువ్వు కనపడల్ల గదా ఆయప్పకు."

సాహితి పట్టుపావడా ఎగదోపి, వంటవాళ్ల మధ్యనుంచి, సాంబారు గుండిగ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ వేగంతోనే తర్వాత మైదానంలో కూడా పరుగెత్తిందని విన్నాను.

నాలుగు గంటలకు టపాకాయలు పేలాయి. నాయకుడు వేంచేశారు. కుర్చీ ఖాళీగా ఉంది. ఓబుళేశు ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాగలక్ష్మమ్మ మాత్రం పక్కనే జాంగ్రీ తింటున్న తన కూతురి కూతురు, నాలుగో తరగతి శ్రావణిని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి దండ వేసింది.

నాయకుడు అక్షింతలు చల్లి, కెమెరా వైపు చూస్తూ గద్గదస్వరంతో అన్నారు. "ఈ బిడ్డను చిన్నప్పుడు చేతుల్లో ఎత్తుకోని ఆడిచ్చినా. సూచ్చాండగానే ఎంత ఎదిగిపొయ్యిందప్పా!"

"ఎప్పుడు సార్?" అని శ్రావణి అడిగింది. వాళ్లమ్మ రెండో జాంగ్రీతో ఆ ప్రశ్నను పరిష్కరించింది.

తర్వాత నాయకుడు మైకు అందుకున్నారు. ఆయన దారిలో ఎక్కడో క్రీడామైదానం ప్రారంభించి వచ్చారు. ప్రసంగం మార్చుకునే తీరిక దొరకలేదు. "ఆడబిడ్డలు ఇంట్లో కూచునే కాలం పోయింది! పరుగెత్తాలి! మైదానాల్లో పరుగెత్తాలి! అడ్డుపడేవాడెవడో నేను చూస్తా!" అన్నారు. అందరికంటే గట్టిగా ఓబుళేశే చప్పట్లు కొట్టాడు.

సందెవేళ సాహితి మట్టికాళ్లతో తిరిగొచ్చింది. "జట్టులోకి తీసుకున్యారు జేజీ! రాష్ట్రం పోటీలకు పంపుతారంట!"

"కాళ్లు ఇరగ్గొడతా. యాడికీ పంపేది ల్యా!" అని తండ్రి గర్జించాడు.

గర్జన ముగియకముందే ఫోను మోగింది. నాయకుడి సహాయకుడు. తన ప్రసంగం విన్న కొద్దిసేపటికే ఓబుళేశు కూతురు జిల్లా జట్టుకు ఎంపికైందని తెలిసి నాయకుడు పొంగిపోయారట. మాట ఇంత తొందరగా ఫలించడం వారి రాజకీయ జీవితంలో ఇదే మొదటిసారట. వెంటనే ఊళ్లో ఫ్లెక్సీ కనబడాలట.

ఓబుళేశు మర్నాడే మళ్లీ రెహమాన్ దుకాణానికి వెళ్లాడు. ఈసారి పాప ఫొటో ఉండి తీరాలి, అదీ నాయకుడితో కలిసి. అలాంటిది ఒక్కటే ఉంది.

"అన్నా, ఈ పాప..." అని రెహమాన్ నసిగాడు.

"ఫొటోలో నాయకుడు బాగా పడినాడా ల్యాదా? అది చూడు."

ఫ్లెక్సీ కట్టినాక పిల్లను పంపకపోతే మర్యాద ఏముంటుంది? ఓబుళేశే తల్లిని వెంటబెట్టుకుని బస్సెక్కించడానికి వచ్చాడు. సాహితి సంచీ భుజాన వేసుకుని, ఫ్లెక్సీలో తన పేరు మీద జాంగ్రీ పట్టుకుని నవ్వుతున్న శ్రావణిని చూసింది.

"బాగా పడింది కదా జేజీ!" అని పకపకా నవ్వి బస్సెక్కింది.

ఆ ఫ్లెక్సీ ఇప్పటికీ ఉంది. దాని కింద టీ తాగుతూ, ఓబుళేశు కూతురు ఎంత ఎదిగిందోనని ఊరంతా మెచ్చుకుంటోంది. పండుగ భోజనం చేసినవారిలో తేడా కనిపెట్టినవారు ఇంతవరకు లేరు. మీరూ ఆ రోజు వచ్చే ఉంటారు. జాంగ్రీలో పాకం ఎక్కువైందో తక్కువైందో ఇప్పుడడిగినా ఠక్కున చెప్పగలరు.

పాప ఎలా ఉంటుందో చెప్పండి చూద్దాం.