నవ్వురాని ధ్రువపత్రం

మానవజాతి నిప్పు కనిపెట్టడం ఒక ఎత్తయితే, ఫిర్యాదు నంబరు కనిపెట్టడం ఇంకో ఎత్తు. నిప్పుతో అన్నం ఉడుకుతుంది, అంతే. ఫిర్యాదు నంబరు చేతికొస్తే మాత్రం సగం పని అయిపోయినంత నిబ్బరంగా ఉంటుంది. (పని కాదు. అది వేరే సంగతి.)

నరసరావుపేటలో ఎరువుల కొట్టు నడిపే గోపాలకృష్ణయ్యకు ఆ భాగ్యం అరవై మూడో ఏట పట్టింది. కారణం ఒక టీవీ సీరియల్.

'బ్రాంచాఫీసు బాగోతం' పదకొండేళ్ళుగా నడుస్తోంది. చిన్న ఊళ్ళో ఒక ఆఫీసు, ఐదుగురు ఉద్యోగులు, ఒకటే ఫ్యాను. మొదట్లో ఎంత బాగుండేదంటే, స్టాంపు ప్యాడు ఎండిపోయిందన్న ఒక్క ముక్క పట్టుకుని వారం రోజులు నవ్వించారు. ఆ తర్వాత ఏ పాడు కళ్ళు పడ్డాయో, గుమాస్తాకు గతం గుర్తు లేకుండా పోయింది, సూపరింటెండెంటుకు కవల తమ్ముడు ఊడిపడ్డాడు, రికార్డు రూములో దయ్యం చేరింది. టైపిస్టు ఆఫీసులో అందరినీ వరసగా పెళ్ళాడేసి, ఇక మిగిలింది వాచ్‌మన్ ఒక్కడే కాబట్టి ప్రస్తుతం అతని వంక చూస్తోంది. ఆ ఆఫీసులో పని జరగకపోవడం మొదట్నించీ ఉన్నదే. నవ్వు కూడా రాకపోవడం కొత్త.

పేటలో అభిమానులంతా నాలుగు తిట్లు తిట్టి ఊరుకున్నారు. గోపాలకృష్ణయ్య ఊరుకోలేకపోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో భార్య కృష్ణవేణి ఆయన పక్కన కూర్చుని నవ్వేది రాత్రి ఎనిమిదింటికి ఆ సీరియల్ వచ్చే అరగంటే. మిగతా రోజంతా బస్తాలు, పాల ప్యాకెట్లు, మోకాళ్ళ నొప్పులు. సీరియల్ చెడిపోయాక ఆవిడ ఎనిమిదయ్యేసరికి వంటింట్లో చేరి చిక్కుడుకాయలు ఒలుచుకోవడం మొదలెట్టింది. సోఫాలో ఆ పక్క ఖాళీని ఆయన చూడలేకపోయాడు. ఆ మాట ఆవిడతో చెప్పే అలవాటు లేదు గనక చానల్ వాళ్ళకు చెప్పుకున్నాడు.

చానల్ యాప్‌లో ప్రేక్షక నిరాశా నివారణ విభాగం అని ఒకటుంది. అందులో 'నిరాశ-2' ఫారం నింపాలి. నిరాశ స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా టిక్కు పెట్టాలి. తీవ్రమైతే ఆధార్ జతచేయాలి. 'జరిగిన నష్టం' అన్న గడిలో రెండు మూడు మాటలకే చోటుంది. ఆయన చాలాసేపు ఆలోచించి, 'ఇంట్లోది నవ్వట్లేదు' అని రాశాడు. యాప్ దాన్ని దంత సమస్యల కింద వేసింది. (వినోద చానల్‌కు దంత సమస్యలెందుకని అడగడానికి వేరే ఫారం ఉంది.)

పళ్ళ గొడవ సర్దుకోవడానికి మూడు నెలలు పట్టింది. నాలుగో నెలలో విభాగం నుంచి హిమబిందు అనే అమ్మాయి ఫోన్ చేసి, నవ్వురాని ధ్రువపత్రం లేనిదే ఫైలు ముందుకు పోదని ఎంతో మర్యాదగా చెప్పింది. ప్రాంతీయ హాస్య పరిశీలకుడు ఇంటికొచ్చి తనిఖీ చేస్తాడట. ఆలుమగలిద్దరూ ఆయనతో కూర్చుని ఒక ఎపిసోడ్ చూడాలి. ఇరవై రెండు నిమిషాలూ ఎవరూ నవ్వకపోతే నిరాశ నిజమని తేలినట్టు. అప్పుడు పాత రచయితలను వెనక్కి పిలిచే అంశం పరిశీలిస్తారు.

తనిఖీలు గోపాలకృష్ణయ్యకు కొత్త కాదు. వ్యవసాయాధికారి కొట్టుకొచ్చే రోజున ఏం చేస్తాడో అంతా చేశాడు. ఇస్త్రీ చొక్కా తొడిగాడు. కొట్లోంచి స్టాకు బోర్డు తెప్పించి, యూరియా తుడిపించి, 'నవ్వు: నిల్వ సున్నా' అని రాయించి హాల్లో నిలబెట్టాడు. ఆ పైన భార్యను పిలిచి హెచ్చరించాడు.

"చూడవే, ఆయన ముందు నీ పన్ను కనపడిందా, ఇన్నాళ్ళ కష్టం గంగలో కలిసినట్టే."

ఆ దయ్యాన్ని చూసి తనకు నవ్వెక్కడ ఏడిసిందని ఆవిడ విసుక్కుంది.

పరిశీలకుడు రాజీవ్ సత్తెనపల్లి నుంచి బస్సులో వచ్చాడు. టీపాయ్ మీద మైకు పెట్టాడు, స్టాప్‌వాచ్ తీశాడు. కాఫీ తాగితే నిష్పాక్షికత దెబ్బతింటుందని మొదటి కప్పు వద్దన్నాడు. (రెండో కప్పు గురించి నిబంధనల్లో ఏమీ లేదు.) ఎపిసోడ్ మొదలైంది. దయ్యం క్యాజువల్ లీవుకు అర్జీ పెట్టుకుంది. ఎవరూ నవ్వలేదు. రాజీవ్ ఆవలించి, దాన్ని 'తటస్థం' అని నమోదు చేసుకున్నాడు.

పంతొమ్మిదో నిమిషంలో కృష్ణవేణి ఎందుకో పక్కకు చూసింది. మొగుడు మోకాళ్ళ మీద చేతులు పెట్టి, మెడ బిగించి, ఊపిరి కూడా పీల్చకుండా కూర్చున్నాడు. అధికారి స్టాకు రిజిస్టరు తిరగేస్తుంటే ముప్పై ఏళ్ళుగా ఆయన పెట్టే మొహం అది. కొట్టు ముఖం చూడని ఆవిడకు ఇంత దగ్గర్నించి చూడటం ఇదే మొదలు. కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వొద్దని ఆయన కళ్ళురిమాడు. అంతే, ఇంక ఆగలేదు.

"ఆ మొహమేందండీ," అంటూ పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేట్టు నవ్వింది. ఎందుకు ఆపుకోవాలో మర్చిపోయి ఆయనా నవ్వాడు. ఎన్నేళ్ళయిందో అట్లా నవ్వి.

రాజీవ్ స్టాప్‌వాచ్ నొక్కాడు. నలభై ఒక్క సెకన్లు.

"ఆమె నవ్వింది సీరియల్‌కి కాదు బాబూ, నన్ను చూసి" అని గోపాలకృష్ణయ్య మొత్తుకున్నాడు.

"కారణం రాయడానికి ఫారంలో గడి లేదండీ" అన్నాడు రాజీవ్.

ఫిర్యాదు కొట్టేశారు. పల్నాడులో సంతృప్తి నూటికి నూరు పాళ్ళని తేల్చి, సీరియల్‌ను ఇంకో ఐదు వందల ఎపిసోడ్లు పొడిగించారు. కృష్ణవేణి మర్నాడే వంటింట్లోకి వెళ్ళిపోయింది. గోపాలకృష్ణయ్య అద్దం ముందు ఆ మొహం సాధన చేసి, వెళ్ళి ఆవిడ ఎదురుగా పెట్టి చూపించాడు. అరగలేదేమోనని ఆవిడ వాము నలిపిచ్చింది.

నెల తర్వాత ఒకనాడు టైపిస్టు వాచ్‌మన్‌తో ఏదో అంది. అది జోకని ఎవరికీ తెలియకముందే టీవీలో ఒక ఆడమనిషి నవ్వింది. ఊపిరందక ఆగి, మళ్ళీ నవ్వింది. తర్వాతి జోకుకూ ఆమే నవ్వింది, ఆ తర్వాతి దానికీ ఆమే. గోపాలకృష్ణయ్య సోఫాలో బిగుసుకుపోయాడు. తనిఖీలో రికార్డయిన నవ్వును ముక్కలు కోసి జోకుల వెనక వాడుకుంటున్నారు. (నవ్వుపై సర్వహక్కులు కంపెనీవని ఫారం వెనక రాసే ఉంది.)

కృష్ణవేణి చిక్కుడుకాయల పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కాసేపు చెవి ఒగ్గి విన్నది.

"ఆ నవ్వేదెవరండీ? చానా సుఖపడ్డ మనిషల్లే ఉంది."

గోపాలకృష్ణయ్య రిమోట్ తీసుకుని సౌండ్ పెంచాడు.