వైన్‌బెర్గ్ గారి వరుసలో గురవమ్మ

మనిషి కనిపెట్టిన ఏర్పాట్లన్నింటిలోకీ మహోన్నతమైనది ఫోన్లో వేచి ఉండడం. కూర్చోబెట్టడానికి కుర్చీ అక్కర్లేదు, మంచినీళ్లివ్వక్కర్లేదు, తిట్టడానికి ఎదురుగా మనిషీ ఉండడు. సౌదీలోని బురైదాలో ఇళ్లకు పనివాళ్లను సరఫరా చేసే దార్ అల్ సబ్ర్ కంపెనీ (సబ్ర్ అంటే ఓపిక, ఎవరిదో కంపెనీ చెప్పలేదు) ఈ ఏర్పాటును కళాస్థాయికి తీసుకెళ్లింది. హెల్ప్‌లైన్లో పాత ట్యూను తీసేసి వైన్‌బెర్గ్ అనే సంగీతకర్త సింఫనీలు పెట్టింది. ఆయన ఇరవైకి పైగా రాశాడు. ఆ సంఖ్య చూసే ఎంపిక చేశామని సంస్కృతి విభాగం అధిపతి, హైదరాబాదు మనిషి ఇష్తియాక్ సగర్వంగా ప్రకటించాడు.

రాజోలు నుంచి వచ్చి అక్కడొక ఇంట్లో వంట చేస్తున్న గురవమ్మకు కావలసింది సంగీతం కాదు. కూతురికి తొలికాన్పు, నెలలు నిండాయి. పురిటికి దగ్గరుండాలంటే, వెళ్లి మళ్లీ పనిలోకి రావడానికి రీఎంట్రీ వీసా కావాలి. ఇంటి మేడమ్ సరేనంది. కంపెనీ కూడా సరేననాలి, అందుకు ముందు ఫోనెత్తాలి.

ఆమె ఫోను స్పీకర్లో పెట్టి పొయ్యి పక్కన నిలబెట్టేది. మొదటి సింఫనీ అయ్యేసరికి కబ్సా అన్నం ఉడికేది. మధ్యమధ్య ఉర్దూలో వైన్‌బెర్గ్ జీవితచరిత్ర వచ్చేది. ఆ ఇంటి డ్రైవరు మహబూబ్ బాషా, కడప మనిషి, టీ తాగుతూ దాన్ని తెలుగులో చెప్పేవాడు.

"పోలండాయనంటక్కా. యుద్ధమొస్తే రష్యా తట్టు పారిపోయినాడంట. ఇంట్లోవాళ్లు ఆడ్నే ఉండిపోయి, అందరూ సచ్చిపోయినారంట."

గురవమ్మ గరిటె ఆపింది. "అయ్యో, ఆఖరి చూపైనా దక్కలేదా?"

"లేదక్కా. సరిహద్దులో ఆఫీసరు ఆయన పేరు గూడా మార్చి రాసినాడంట."

"ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డులోనూ పేరు మార్చలేదేంటి," అంది గురవమ్మ. ఆ పూటతో వైన్‌బెర్గ్ ఆమెకు తెలిసినవాళ్లలో ఒకడైపోయాడు.

లైన్లో ఉన్నవాళ్లు శ్రద్ధగా వినడం లేదని (ఒకావిడ స్నానానికి కూడా వెళ్లిందట) కంపెనీ శ్రవణ నిర్ధారణ నిబంధన తెచ్చింది. వైన్‌బెర్గ్ మీద ప్రశ్నకు సరైన జవాబు నొక్కినవారికే అధికారి దొరుకుతాడు. తప్పితే మళ్లీ మొదటి సింఫనీ. గురవమ్మకు ఏదో ఒకటి తప్పుతూనే ఉండేది.

ఆ మధ్యాహ్నం వైన్‌బెర్గ్ జీవితచరిత్ర ఆయన ఒపెరా దాకా వచ్చింది. ప్రాణం పెట్టి రాశాడట, ఆయన బతికుండగా స్టేజీ ఎక్కలేదట, పోయిన పద్నాలుగేళ్లకు ఆడించారట. గురవమ్మ కళ్లు తుడుచుకుంటుండగా అదే ఫోనులో కూతురి నంబరు వెలిగింది. ఎత్తితే ఇటు లైను పోతుంది. ఆమె ఎత్తలేదు.

అప్పుడే ప్రశ్న వచ్చింది. మాస్కోలో స్థిరపడిన వైన్‌బెర్గ్ ఏ దేశస్థుడు? పోలండ్ అయితే ఒకటి, సోవియట్ యూనియన్ అయితే రెండు.

"పుట్టిందాడ గదక్కా, ఒకటి నొక్కు," అన్నాడు బాషా.

"పుట్టినచోటుతో పనేంటి తమ్ముడూ. పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంటే ఆ దేశపోడే." రెండు నొక్కింది. సరైన జవాబని యంత్రం అభినందించింది.

ఈలోగా బాషా ఫోను మోగింది. అత్త ఫోను ఎత్తలేదని గురవమ్మ అల్లుడు చేశాడు. విని, బాషా నవ్వుతూ, "ఆడపిల్లక్కా. తల్లీబిడ్డా బాగుండారంట," అన్నాడు.

సరిగ్గా ఆ నిమిషాన ఇష్తియాక్ స్వయంగా లైన్లోకి వచ్చాడు.

"చెప్పుండ్రి అమ్మా, వీసాకి రీజన్ ఏంది?"

"మా అమ్మాయి పురుడండి."

"అయిందా, ఇంకా కావాల్నా?"

అబద్ధం నోట్లోకి రాలేదు. "ఇప్పుడేనంట అయ్యిందండి."

"ముబారక్ అమ్మా. అయితే మీ ప్రాబ్లం సాల్వ్ అయిపోయింది. క్లోజ్ చేస్తున్నా."

"మరి మనవరాల్ని చూసుకోవద్దాండీ?"

"అది వేరే రీజన్ కదమ్మా. కొత్త రిక్వెస్ట్ పెట్టాలె. లైన్ల ఉండుండ్రి."

మొదటి సింఫనీ మొదలైంది. గురవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఫోను మాత్రం పెట్టేయలేదు.

వైన్‌బెర్గ్ ఒపెరా విషయంలో జరిగినట్టు కాకుండా, అర్జీదారు బతికుండగానే ఫైలు పరిష్కరించామని దార్ అల్ సబ్ర్ ఆ ఏటి నివేదికలో రాసుకుంది.