మూడు రంగుల జానకీదేవి

ఆ రోజు పొద్దున మహిపాల్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి అమీర్‌పేటలో తన స్టిక్కర్ల దుకాణం షట్టర్ ఎత్తాలి. తొమ్మిదింటికల్లా జానకీదేవి గారి బొమ్మను మిషన్ మీద కోయించాలి. పదింటికి పంజాగుట్టలో ఆవిడ కొత్త కర్రీ పాయింట్ అద్దానికి అంటించాలి. పదకొండింటికి ప్రారంభోత్సవంలో పులిహోర తినాలి.

దుకాణంలో బొమ్మలు గీసే కుర్రాడు రిషి మాత్రం ముందురోజే అక్క పెళ్ళికని కరీంనగర్ వెళ్ళాడు. మహిపాల్‌కి కోయడం, అంటించడం తప్ప గీయడం రాదు. అయినా బెంగ పడలేదు. ఫోన్‌లో ఏఐ ఉంది కదా.

జానకీదేవి గారు కోరింది ఒక్కటే. "అద్దం మీద నా మొహం ఉండాలి మహిపాల్ గారూ. చూడగానే ఇది జానకీదేవి కొట్టని తెలియాలి. మా తోడికోడలి కొట్టని ఎవరూ పొరబడకూడదు."

ఆవిడా, తోడికోడలు స్వరాజ్యం గారూ ఎనిమిదేళ్ళు శ్రీనగర్ కాలనీలో కలిసి కర్రీ పాయింట్ నడిపారు. ఆరునెలల క్రితం, పప్పుచారులో బెల్లం వెయ్యాలా వద్దా అన్న దగ్గర మాటా మాటా పెరిగి, చివరికి మాటలే ఆగిపోయాయి. పాత కొట్టు పెద్దకోడలు స్వరాజ్యం గారికి మిగిలింది. ఆవిణ్ణి మహిపాల్ ఎన్నడూ చూడలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

జానకీదేవి గారు పంపిన ఫొటోను ఏఐకి ఇచ్చి, "గీ మేడం బొమ్మ మస్తు అందంగ చెయ్యి" అన్నాడు. అది చేసింది. చెంపల మీద మెరుపు, పట్టుచీరలో పోగు పోగునా జరీ, విడివిడిగా లెక్కపెట్టగలిగేలా వెంట్రుకలు. మహిపాల్ మురిసిపోయి, బొమ్మను గీతలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌లో పడేసి, బటన్ నొక్కాడు. మిషన్ కిర్రుకిర్రుమంటూ నలభై నిమిషాలు కోసింది. తీరా స్టిక్కర్ ఎత్తబోతే జానకీదేవి గారు పొట్టుపొట్టుగా రాలిపోయారు. ముక్కు ఒక్కటే రెండువందల ముక్కలు.

రిషికి ఫోన్ చేశాడు. అవతల బాజాభజంత్రీలు.

"తమ్మీ, మేడం చెంపంత నా అంగీకి అంటుకున్నది. ఏం జెయ్యాలె?"

"ఫొటో అసొంటిది చేయించినవా అన్నా? గది పనికి రాదు. మన మిషన్‌కు గీతలు గావాలె. నీడలు వద్దు, మెరుపులు వద్దు, రంగులు మూడే అని చెప్పు. గట్లయితే ఒక్కో రంగు ఒక్కో ముక్క అయితది. తర్వాత ఏ ముక్కనన్న ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు."

"మరి ఎన్కాల?"

"ఎన్కాల ఏం లేకుండ చెయ్యమను."

వెనక ఏమీ లేదని చూపించడానికి ఏఐ శ్రద్ధగా బూడిదరంగు గళ్ళు గీసి పెట్టింది. మిషన్ అంతకన్నా శ్రద్ధగా ప్రతి గడినీ కోసింది. జానకీదేవి గారు బాత్‌రూమ్ టైల్స్ ముందు నిలబడి ఫొటో దిగినట్టు తయారయ్యారు.

అంతలో ఆవిడే ఫోన్ చేశారు. "ఏంటండీ, బయల్దేరారా?"

"దారిల ఉన్న మేడం."

"ఏదో కిర్రుమంటోందేంటి?"

"ఆటో మేడం. జర పాతది."

మూడోసారి మహిపాల్ ఏఐకి గట్టిగా చెప్పాడు. "తెల్ల కాగితం మీద మూడే రంగులు. సన్న గీత ఒక్కటి సుత ఉండొద్దు!"

ఈసారి అది అక్షరాలా విన్నది. సన్న గీతలు వద్దన్నారు కనుక కళ్ళజోడు తీసేసింది. నుదుటి ముడతలు చెరిపేసింది. చుక్కంత బొట్టును రూపాయి బిళ్ళంత చేసింది. నెరిసిన జుట్టుకి నాలుగో రంగు లేదు కనుక నల్లగా నింపి, ముడిని పెద్దది చేసింది. మొత్తం పన్నెండు ముక్కలు. మిషన్ నాలుగు నిమిషాల్లో కోసేసింది. పోలిక చూసే తీరిక మహిపాల్‌కి లేదు. పదిన్నరకి పంజాగుట్ట చేరి, అద్దానికి అంటించి, పైన గుడ్డ కప్పి చెమట తుడుచుకున్నాడు.

పదకొండింటికి బంధువులందరి ముందూ జానకీదేవి గారు గుడ్డ లాగారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆవిడ భర్త జోగారావు గారు మాత్రం ఒకడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని అన్నారు.

"వదిన!"

"ఏంటిది మహిపాల్ గారూ?" జానకీదేవి గారు అద్దం వైపు వేలు చూపించారు. "ఇది మా స్వరాజ్యం అక్కయ్య మొహం!"

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం. అరగంటల కళ్ళజోడు పెడత, బొట్టు చిన్నగ చేస్త..."

కానీ అప్పటికే ఎవరో ఫొటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. పావుగంటలో ఆటో ఆగింది. అందులోంచి దిగినావిడకి గుండ్రటి మొహం, రూపాయి బిళ్ళంత బొట్టు, పెద్ద ముడి. తాను అంటించిన స్టిక్కర్ నడిచొస్తున్నట్టు అనిపించి మహిపాల్ గ్యాస్ సిలిండర్ల వెనక్కి జరిగాడు.

స్వరాజ్యం గారు అద్దం వంక చాలాసేపు చూశారు. కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

"ఆర్నెల్లు మాట్లాడకపోయినా కొట్టు మీద నా మొహమే పెట్టుకున్నావా జానకీ? నేనైతే పెట్టేదాన్ని కాదే."

జానకీదేవి గారు నోరు తెరిచారు. జోగారావు గారు దగ్గారు.

"మీరు లేకుండా ఎలా మొదలుపెడతాను అక్కయ్యా?" అన్నారావిడ. మొదటి మాట దగ్గర అబద్ధమే. ఆఖరి మాటకొచ్చేసరికి మాత్రం ఆవిడ కళ్ళజోడు మసకబారింది.

స్వరాజ్యం గారు కొంగు బిగించి లోపలికి వెళ్ళి గరిటె అందుకున్నారు. అదను చూసి జానకీదేవి గారు మహిపాల్ చెవిలో గొణిగారు. "రేప్పొద్దున ఎవరూ రాకముందే ఆ కళ్ళజోడు కాస్త అంటించేసి వెళ్ళండి."

లోపల్నుంచి కేక వినిపించింది. "ఇదిగో బాబూ! ఆ బొమ్మ మీద చెయ్యి వేశావంటే ఊరుకోను!"

ఏ ముక్కనైనా మార్చుకోగల ఆ బొమ్మలో ఇంతవరకూ ఒక్క ముక్క మారలేదు. పంజాగుట్టకి కొత్తగా వచ్చినవాళ్ళు కౌంటర్ దగ్గర నిలబడి, "స్వరాజ్యం గారూ, పావుకిలో గుత్తివంకాయ" అంటారు. "ఇదిగో వస్తున్నానండీ" అంటారు జానకీదేవి గారు.