ఖాళీ వదిలిన సారు, నింపేసిన ఊరు

ఫ్లెక్సీని మించిన ఉపకారి ఈ లోకంలో లేదు!

కొట్టకండి. ఈ మాట అంటున్నది ఫ్లెక్సీల వల్లే బతుకు చెడిన మనిషి. ఆర్మూరులో గ్రాఫిక్ డిజైన్ నేర్పే దయాకర్ సార్. అంటే ఈ కాలమ్ రాస్తున్నవాడే. తన గురించి తానే 'సార్' అని రాసుకోవడమేమిటంటారా? మా ఊళ్ళో ప్రతి ఫ్లెక్సీ మీదా 'మా ప్రియతమ అన్నగారికి జన్మదిన శుభాకాంక్షలు' అని రాయించేది ఆ అన్నగారే. కింద 'ఇట్లు మీ అభిమానులు' అని పెట్టించేదీ ఆయనే. ఊరి మర్యాద కాదంటే ఎలా? కాబట్టి సార్ సంగతి ఆయన అభిమానిగా నేనే చెబుతాను. ఆయనకు ఇంకో అభిమాని దొరకలేదు.

సార్ పట్నంలో డిజైన్ చదివారు. అక్కడే ఓ కాలేజీలో చాలా ఏళ్ళు పాఠం చెప్పారు. ఆయన పాఠమంతా ఒక్కటే: ఖాళీని ముట్టుకోవద్దు! కాగితానికి ఒక అక్షరం, ఒక రంగు చాలు. మిగతాదంతా తెలుపు. నెత్తి మీద జుట్టు కూడా ఈ సిద్ధాంతం ప్రకారమే తగ్గించుకుంటూ వచ్చారు.

ఉన్నట్టుండి ఆయనకు సొంత ఊరిని ఉద్ధరించాలనిపించింది. ఆర్మూరు అడిగిందా? అడగలేదు. అయినా వచ్చారు. ఎరువుల దుకాణం పైన గది తీసుకుని క్లాసులు మొదలుపెట్టారు. బయట ఓ తెల్లబోర్డు కట్టి, దాని మూలన నల్లటి చుక్క పెట్టారు. అదే ఆయన సైన్‌బోర్డు! పెయింటర్ సగంలో వదిలేసి పోయాడనుకున్నారు జనం. ఎన్నికలప్పుడు ఎవరో దాని నిండా తమ పోస్టర్ అంటించి పోయారు కూడా.

మొదటి పాఠం, తెల్లకాగితం మీద చుక్క ఎక్కడ పెట్టాలి అన్నది. విద్యార్థుల్లో స్నేహలత అనే అమ్మాయి చురుకైనది. ఓ రోజు వాళ్ళమ్మ బీడీల చాట చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"సారూ, నెల దినాల సంది పిల్ల అస్తున్నది. సుక్క పెట్టుడే నేర్పుతున్నరంట. గా సుక్కలు మేం వాకిట్ల రోజు పెడ్తలేమా? మరి ముగ్గెప్పుడు ఏపిస్తరు?"

సార్ ఆ రాత్రే తన డిజైన్ పుస్తకాల్లో వెతికారు. వాటిలో ముగ్గు లేదు.

చుట్టాల పెళ్ళికి కార్డు చేసిచ్చారు. తెల్లటి అట్ట, రెండు పేర్లు, ఒక తేదీ. దేవుడి బొమ్మ లేదు, అంచున పసుపు పూయనివ్వలేదు. పసుపు పండే ఊళ్ళో పసుపు తగలని శుభలేఖ! అది అందుకున్న దొంకేశ్వర్ ఊరి చుట్టాలు పరుగున వచ్చి, గుమ్మంలోనే "ఎవలు పోయిన్రే?" అని ఏడుపందుకున్నారు. పెళ్ళికూతురు బయటికొచ్చి తాను బతికే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది.

స్నేహలత క్లాసు మానేసి ఫ్లెక్సీ షాపు పెట్టింది. కొన్నాళ్ళకు క్లాసులు మూతపడి సార్ అదే షాపులో డిజైనరుగా చేరారు. ఆమె ఓనరు, ఈయన జీతగాడు. పాపం, ఇప్పటికీ 'సార్' అనే పిలుస్తుంది.

అక్కడ చేరాకే ఆయనకు ఫ్లెక్సీ మహిమ బోధపడింది. మోర్తాడ్ నుంచి గల్ఫ్ పోయినవాడు సెలవు మీద వస్తే, ఊరి మొదట్లోనే అతని నవ్వుముఖం అతనికే స్వాగతం చెబుతుంది. వెనకాల అద్దాల మేడ. అక్కడ ఆ మేడ అద్దాలు తుడిచే కూలీ కూడా అతనే! ఎవరికెవరితో చెడిందో ఫొటో సైజు చూసి చెప్పేయవచ్చు, పేపరు కొనక్కర్లేదు. మలుపులో ఫ్లెక్సీ అడ్డమై ఎదురొచ్చే లారీ కనబడదు కనుక ఊళ్ళో దైవభక్తి పెరిగింది. ఇన్ని లాభాలు ఏ డిజైన్ కాలేజీ చూపించగలదు?

అసలు ఉపకారం ఇంకా చెప్పలేదు.

సార్ వాళ్ళ నాన్నగారి తమ్ముడు ముత్తెన్న పసుపు రైతు. తోటి రైతులతో కలిసి ఊరవతల కల్లంలో ఉడికించిన పసుపు ఆరబోస్తాడు. అక్కడ షెడ్డు వేయిస్తానని ఒక నాయకుడు మాటిచ్చాడు. మాటిచ్చిన మర్నాడే ధన్యవాదాల ఫ్లెక్సీకి ఆర్డరొచ్చింది. సార్ ప్రాణం పెట్టి చేశారు. అంతా తెలుపు. మధ్యలో ఒక్క పసుపు కొమ్ము. దాని పైన ఒక నల్లటి గీత. ఆ గీతే షెడ్డు!

రైతుల పెద్ద ఎల్లయ్య దాన్ని చూసి బిత్తరపోయాడు. "గింత ఖాళీ ఇడిసినవేంది సారూ? మస్తు మంది వడ్తరు గిక్కడ!"

పట్టారు. ఇంకా మిగిలిపోయిన వాళ్ళ కోసం వెడల్పు పెంచారు. కొమ్ము పోయింది, గీత పోయింది. ఒక్క షెడ్డు తప్ప అందరూ ఉన్నారందులో. తర్వాత శంకుస్థాపనకు ఒకటి, నాయకుడి పుట్టినరోజుకు ఒకటి, పండగ పండగకూ ఒకటి. షెడ్డు రాలేదుగాని కల్లం చుట్టూ ఫ్లెక్సీల గోడ లేచింది.

ఈ ఎండాకాలం మొదట్లో ఓ మధ్యాహ్నం ముత్తెన్న ఫోన్ చేశాడు. "బిడ్డా, మొగులైంది, వానొస్తది! పసుపంత బయటనే ఉన్నది. ఉరికిరా!"

సార్, స్నేహలత బండి మీద పరుగెత్తారు. కల్లం నిండా ఏడాది కష్టం పచ్చగా పరుచుకుని ఉంది. తడిస్తే రంగు చెడుతుంది, బూజు పడుతుంది, కొనేవాడు ముక్కు విరుస్తాడు. ఉన్న టార్పాలిన్లు ఒక్క కుప్పకు కూడా చాలలేదు. ముత్తెన్న భార్య వెంకవ్వ చీరకొంగు పరిచి ఓ మూల కప్పుతోంది. కొంగెంత, కుప్పెంత?

సార్ తలెత్తి చూశారు. చుట్టూ నవ్వుతున్న ముఖాలు!

తాళ్ళు కోశారు, కట్టెలు పీకారు, ఫ్లెక్సీలు లాక్కొచ్చి కుప్పల మీద పరిచారు. గాలికి అవి లేస్తున్నాయి. ముత్తెన్న బండరాయి తెచ్చి నాయకుడి నుదుటి మీద పెట్టబోయాడు. ఎల్లయ్య ఉరికొచ్చి అడ్డం పడ్డాడు.

"ఓ ముత్తెన్నా! పెద్దసారు మొకం మీద రాయి పెడ్తవా? ఎవడన్న ఫొటో తీసి పంపితె షెడ్డు పోతది! బోర్లేయుర్రి, అన్ని బోర్లేయుర్రి!"

లేని షెడ్డు ఎక్కడ పోతుందోనని ఊరంతా కలిసి ముఖాలన్నీ తిరగేసింది.

వాన దంచింది. సార్ గట్టు మీద తడుస్తూ నిలబడి చూశారు. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఫ్లెక్సీల వెనకవైపు తెలుపు. ఒక్క ముఖం లేదు, ఒక్క అక్షరం లేదు. అక్కడక్కడ నల్లరాళ్ళు, పెట్టాల్సిన చోటే పెట్టినట్టు. బతుకంతా అరిచి చెప్పినా ఎవరూ వినని పాఠాన్ని, ఊరు ఊరంతా ఒక్క గడియలో తప్పు లేకుండా అప్పజెప్పింది.

"సార్, సుక్కలు!" అంది స్నేహలత. సారుకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

అంచుల్లో కాస్త తడిసింది. మిగతా పసుపంతా దక్కింది.

తెల్లారి ఎల్లయ్య షాపుకొచ్చాడు. పసుపును కాపాడిన నాయకుడికి ధన్యవాదాల ఫ్లెక్సీ కావాలట! వెనకే వచ్చిన ముత్తెన్న సార్‌ను పక్కకు పిలిచాడు.

"బిడ్డా, గీపారి జర పెద్దగ చెయ్యి. ఎవల మొకాలన్న ఏసుకోనియ్యి, నాకేం ఫికర్ లేదు. వచ్చే ఏటికి నా కుప్ప అంచులదాన్క కప్పాలె."

"మరి షెడ్డు అడగవా కాకా?"

"అడిగి అడిగి నోరు వాసిపోయింది. ఫ్లెక్సీ అయితె మన శేతిల పని గదా."

అభిమాని వేషం ఇక చాలు. ఇక్కడి నుంచి నేనే మాట్లాడతాను. ఆ ఫ్లెక్సీ నేనే చేశాను. నాయకుడు వేయిస్తానన్న షెడ్డు కొలతలే పెట్టాను. ముందువైపు వేలు పట్టే సందు కూడా లేకుండా అందరినీ నింపాను. ఆర్మూరు వస్తే చూసి కడుపారా నవ్వుకోండి. నవ్వడం అయ్యాక ఒకసారి దాని వెనకవైపుకు వెళ్ళండి. నా పని అటువైపు ఉంది.